చూసినవి, చదివినవి, ఆడినవి: మీ ప్రశ్నలకి మా జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకటే గోల, ఈమధ్య మీకు నచ్చిన సినిమా ఏంటి, పుస్తకం ఏంటి, మా పిల్లలు ఆడే ఆ వీడియో గేములు మీరూ ఆడతారటగా నిజమేనా అని. నిజమే, ఆడతాను. కాబట్టి ఈ నెల పేజీ మొత్తం వాటికే ఇచ్చేసాం. ఈమధ్య అంటే నేను ఈమధ్య చూసినవని అర్థం, ఎప్పుడు రిలీజయ్యాయన్నది వేరే లెక్క, పాతవి కూడా ఉంటాయి, కొత్తవే కావాలంటే మీ ఫోనే రోజూ చెప్తోంది కదా.

మావాడు ఇంజనీరింగ్ సెకండియర్. అర్ధరాత్రి దాకా ఫోన్లో పేకాట ఆడుతున్నాడు. అడిగితే "అది పేకాట కాదమ్మా, గేమ్" అంటాడు. ఇస్పేటు, కళావరు నా కళ్లకి కనబడుతుంటే కాదంటాడేంటండీ? (ఒక తల్లి, ఖమ్మం)

అమ్మా, ముందు ఒక్క పని చేయండి, వాడు ఆడేటప్పుడు పక్కన కూచుని చూడండి, తెర మీద ముక్కలతో పాటు పైన వరసగా జోకర్ బొమ్మలుండి, ఎడమ పక్కన నీలం రంగులో ఒక అంకె, ఎర్ర రంగులో ఒక అంకె గుణించుకుంటూ కనబడితే అది బలాట్రో. అదయితే మీవాడు చెప్పింది నిజమే. కెనడాలో ఒకతను అసలు పేరు బయటపెట్టకుండా లోకల్‌థంక్ అనే మారుపేరుతో చేసిన గేమ్, 2024 ఫిబ్రవరిలో వచ్చింది, అదే ఏడాది ఫోన్లలోకి దిగింది, అక్కణ్ణుంచి నిద్రలు పోయినవాళ్లలో మీవాడు మొదటివాడేం కాదు. నేనూ ఉన్నా ఆ లిస్టులో.

ఇందులో ఎదురుగా ఎవరూ ఉండరు, పందెం ఉండదు. చేతికి 8 ముక్కలొస్తాయి, అందులోంచి 5 వరకూ వెయ్యొచ్చు. రెండు రాజులు వేసాడనుకోండి, జతకి 10, ఒక్కో రాజుకీ 10, మొత్తం 30, దాన్ని రెండుతో గుణిస్తే 60. ఇప్పుడు పైన ఉన్న మామూలు జోకర్ ఒకటి ఆ రెండుకి ఇంకో నాలుగు కలుపుతుంది, అంటే 30 ఇంటూ ఆరు, 180 అయ్యింది చూసారా, అవే రెండు రాజులు! ఇలాంటి జోకర్లు 150 ఉన్నాయి, ఒక్కోదానిది ఒక్కో తిక్క, వాటిల్లో ఏవేవి పక్కపక్కన పెడితే లెక్క లక్షల్లోకి పోతుందో కనిపెట్టడమే ఆటంతా. ఎక్కాలు అంటే పారిపోయే పిల్లలు కూడా ఇక్కడ గుణకారాలు చేస్తున్నారు, నేను చూసా.

మీ భయం వింతేం కాదు లెండి, యూరప్‌లో గేములకి వయసు రేటింగిచ్చే పెగీ వాళ్లు కూడా పేకముక్కలు చూసి దీనికి 2024లో 18 ఏళ్లు అని పెట్టారు, తర్వాత 2025లో 12కి దించారు. కానీ ఒకటి మాత్రం గట్టిగా చూడండి: ఆ యాప్ డబ్బులు వెయ్యమంటోందా, గెలిస్తే అకౌంట్లో పడతాయంటోందా? అలాగయితే అది బలాట్రో కాదు, అది అచ్చంగా పేకాటే, డబ్బు పెట్టే ఆన్‌లైన్ రమ్మీ తెలంగాణలో 2017 నుంచే నిషేధం, ఆంధ్రలో 2020లో ఆపారు, 2025 ఆగస్టులో పార్లమెంటు దేశమంతటికీ చట్టం చేసింది. అప్పుడు ఫోన్ లాక్కోండి, మొహమాటం వద్దు. బలాట్రో అయితే మాత్రం పరీక్షలయ్యేదాకా ఆపమనండి చాలు, వినడు, అయినా అనండి.

నేను డాలస్‌లోనే పుట్టి పెరిగాను. తెలుగు బాగానే మాట్లాడతా, చదవడమే కూడబలుక్కుంటూ. అమ్మ రిటైరై ఇక్కడికొచ్చింది, ఇద్దరం కలిసి చేసేదేదైనా చెప్పండి. (ఒక పాఠకురాలు, డాలస్)

మీకోసం అన్నట్టే ఒక గేముంది. పేరు వెన్బా, 2023లో వచ్చింది, టొరంటోలో విసాయ్ గేమ్స్ అని చిన్న టీమ్ చేసింది. 1980ల చివర్లో తమిళనాడు నుంచి కెనడా వెళ్లిన ఒక జంట, వాళ్లకి పుట్టిన కొడుకు కవిన్, వాళ్ల వంటిల్లు, అంతే కథ. గేములో మీరు చేసేది వంట. మొదట ఇడ్లీ. ఆ ఇంటి ఇల్లాలు వెన్బా దగ్గర వాళ్లమ్మ రాసిచ్చిన వంటల పుస్తకం ఉంటుంది, పేజీలు చిరిగి, అక్షరాలు చెరిగిపోయి ఉంటాయి, ఏ స్టెప్ తర్వాత ఏదో మీరు ఊహించుకోవాలి, అమెరికా వాళ్లు ఆ ఇడ్లీ దగ్గరే తన్నుకుంటారు గానీ మీ అమ్మగారు చూడగానే చెప్పేస్తారు చూడండి. ఆవిడ చేతికి మౌసో కంట్రోలరో ఇచ్చేసి మీరు చూస్తూ కూచోండి.

పిల్లాడు పెద్దయ్యాక వాడి వంతు వస్తుంది, అదే పుస్తకం ముందు పెట్టుకుని సగం సగం తమిళంతో కుస్తీ పడతాడు, అక్కడ మీకు కాస్త గుచ్చుకోవచ్చు, ముందే చెప్తున్నా. మొత్తం ఆట గంటన్నర లోపే అయిపోతుంది, కొందరు ఇంత చిన్నదానికి అంత రేటా అని గొణిగారు, నాకైతే సరిపోయింది, సాగదీస్తే చెడేది. 2024లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ పెద్ద బహుమతీ దీనికే, బ్రిటన్‌లో బాఫ్టా వాళ్లు మొదటిసారి గేమ్ చేసినవాళ్లకిచ్చే అవార్డూ దీనికే. తెలుగు ఇంటి మీద ఇలాంటిది ఎప్పుడొస్తుందో! గోంగూర పచ్చడి లెవెల్ ఒకటి పెట్టి చూడండయ్యా ఎవరైనా, ఉల్లిపాయ పక్కన పెట్టకపోతే గేమ్ ఓవర్.

పుస్తకమంటే సత్యం శంకరమంచి అమరావతి కథలు. నూరు కథలు, ఒక్కోటి కొద్ది పేజీలే, బాపు బొమ్మలు. 1979లో ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డొచ్చింది. మీరు పైకి చదవండి, తప్పులు అమ్మ దిద్దుతారు. కొన్ని కథలు ఇప్పుడు చదివితే మరీ తియ్యగా అనిపిస్తాయి, కృష్ణ ఒడ్డున అందరూ మంచివాళ్లే అన్నట్టు, అవి దాటేసినా నష్టం లేదు, మిగిలినవి చాలు.

అయ్యా/అమ్మా, మీరు ఈ ఏడాది మెచ్చుకున్నవి లెక్క చూసా. చీరలు నేసే సినిమా, గొర్రెలు కాసే నవల, జపాన్‌లో బాత్రూములు కడిగే సినిమా. మీరు మనుషులేనా? ఈలలెయ్యరా? మాస్ సినిమా చూడరా? (మీ శ్రేయోభిలాషి, గుంటూరు)

హహ. ఈ ఉత్తరం ఆఫీసులో అందరూ చదివారు, మా ప్రూఫ్ రీడర్ గారైతే రెండుసార్లు. చూస్తానండీ, ఈలలు రావు గానీ చూస్తా. మీరు పట్టుకున్నది మాత్రం కరెక్టే, నేనే అంత గమనించలా, నాకు నచ్చినవన్నీ వరసగా పెడితే ఎవరో ఒకరు ఏదో ఒక పని చేస్తుంటారు వాటిల్లో, ఆ పని ఎలా చేస్తారో దగ్గర్నుంచి చూపిస్తారు. నాకు అది కావాలి. హీరో మెకానిక్ అని ఇంట్రడక్షన్‌లో ఒక స్పానర్ పట్టించి, తర్వాత మూడు గంటల్లో ఒక్క నట్టు బిగించకపోతే నాకు మనసొప్పదు. రైతు అంటారు, పంచెకి మట్టంటదు. వాడు బతకడానికి ఏం చేస్తాడో తెలియకపోతే వాడికి కష్టమొస్తే నాకేంటి?

మీరన్న చీరల సినిమా మల్లేశం (2019) సంగతే తీసుకోండి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేసిన కథ, ఆయనకి 2017లో పద్మశ్రీ ఇచ్చారు, అదంతా మీకు తెలిసిందే. పోచంపల్లి రకం చీరకి నూలుకి రంగులద్దేముందు ఆసు పొయ్యాలి, అర్ధచంద్రంలా మేకులు కొట్టిన చట్రం ముందు కూచుని దారాన్ని ఒక్కో మేకు చుట్టూ తిప్పి మళ్లీ మధ్యకి తేవాలి, ఒక్క చీరకి అలా చెయ్యి దాదాపు 9 వేల సార్లు ఆడాలి. ఆ పని ఎక్కువగా ఇంట్లో ఆడవాళ్లదే. సినిమాలో తల్లి వేషం ఝాన్సీ వేసింది, భుజం నొప్పి గురించి ఆవిడ పెద్ద డైలాగులేం చెప్పదు, ఆ చెయ్యి అలా పోతూ వస్తూ ఉంటుంది, చూసే మనకి భుజం లాగుద్ది. అందుకే చివర్లో మిషన్ తిరిగితే థియేటర్లో చప్పట్లు పడ్డాయి, అక్కడ ఫైట్ లేదు, విలన్ లేడు, మేకుల చుట్టూ దారం దానంతటది తిరుగుతోంది, అంతే. అది మాస్ సీన్ కాదంటారా? యంత్రానికి అమ్మ పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం.

జపాన్ సినిమా పర్ఫెక్ట్ డేస్ (2023), జర్మనీ డైరెక్టర్ విమ్ వెండర్స్ తీసాడు, హీరో కోజి యాకుషోకి కాన్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో ఉత్తమ నటుడు అవార్డు వచ్చింది. టోక్యోలో పబ్లిక్ టాయిలెట్లు కడిగే పెద్దాయన. పొద్దున లేస్తాడు, పరుపు మడుస్తాడు, మొక్కలకి నీళ్లు కొడతాడు, వ్యాన్లో పాత క్యాసెట్ పెట్టుకుని పనికి పోతాడు. కమోడ్ అంచు కింద శుభ్రమైందో లేదో చూడ్డానికి ఒక చిన్న చేతి అద్దం వాడతాడు! ఎవడు చూస్తాడని అక్కడ? ఆ అద్దం చూసాక ఆయన ఎలాంటి మనిషో ఇంకెవరూ చెప్పక్కర్లేదు. అయితే ఒక కంప్లైంట్ నాకూ ఉంది, ఆ టాయిలెట్లన్నీ పెద్ద పెద్ద ఆర్కిటెక్టులు కట్టినవి, ఒకటైతే గాజు గోడలు, లోపల గడియ పెడితే మసకబారిపోతాయి, అసలీ సినిమా మొదలైందే ఆ టాయిలెట్ల గురించి చిన్న ఫిల్ములు తీద్దామని. కాబట్టి కంపు లేదు, రోత లేదు, ఆయన కడగడానికి ముందే అవి మన హోటల్ డైనింగ్ హాళ్ల కన్నా నీటుగా ఉన్నాయి. మన బస్టాండ్ బాత్రూముకి ఆయన్ని ఒక్క షిఫ్ట్ పంపిస్తే ఆ చిరునవ్వు ఎంతసేపుంటుందో చూడాలనుంది. అయినా నచ్చింది.

ఇక మాస్. రంగస్థలం (2018) నాకు ప్రాణం, చిట్టిబాబు ఇంజన్ పెట్టి చేలకి నీళ్లు తోడతాడు, ఆ పని కథలో కలిసిపోయింది, ఊళ్లో ఎవడితో ఏ గొడవొచ్చినా ఆ ఇంజన్ దగ్గరకే తిరిగొస్తాడు. పుష్ప మొదటి భాగం (2021) కూడా ఇష్టమే, ఎందుకో తెలుసా, దుంగలు కొట్టడం, మొయ్యడం, పోలీసుల కళ్లుగప్పి పాల బండిలో దాచడం, దొంగపనే అయినా పనే కదా, ఎలా చేస్తాడో చూపించారు. 2024 డిసెంబర్లో వచ్చిన రెండో భాగానికి వచ్చేసరికి ఆయన పెద్దోడైపోయాడు, పని మనుషులు చేస్తారు, ఈయన నడుస్తాడు, స్లోమోషన్‌లో నడుస్తాడు. జాతర సీన్‌కి నేనూ కుర్చీలో ముందుకొచ్చి కూచున్నా, కాదనను. కానీ మొదటి దాంట్లో కూలోడు నాకు గుర్తున్నాడు, రెండో దాంట్లో సిండికేట్ పెద్దాయన ఇంటికొచ్చేసరికే మర్చిపోయా.

డిటెక్టివ్ నవలలు చదివి చదివి హంతకుడెవరో ముప్పయ్యో పేజీలోనే తెలిసిపోతోంది. కొత్త మత్తు ఏదైనా? (ఒక రిటైర్డ్ పోర్టు ఉద్యోగి, విశాఖపట్నం)

పోర్టులో చేసారా? అయితే మీకు వేరే ఆలోచనే అక్కర్లేదు, రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ ఆడండి. 2018 గేమ్, లూకస్ పోప్ అనే ఆయన చేసాడు. ఈస్టిండియా కంపెనీ కాలం, 1803లో సముద్రంలో ఆచూకీ లేకుండా పోయిన ఓడ 1807లో దానంతటది తీరానికి కొట్టుకొస్తుంది, మనిషి పురుగు లేడు. మీరు ఇన్సూరెన్స్ ఇన్‌స్పెక్టర్. ఓడ మీదున్నవాళ్లు 60 మంది, ఒక్కొక్కరి పేరేంటి, ఎలా పోయారు, ఎవరు చంపారు, ఇది మీరు రిజిస్టర్లో పూర్తి చెయ్యాలి. చేతిలో ఒక గడియారం, శవం దగ్గర తెరిస్తే వాళ్లు పోయిన ఆ క్షణం బొమ్మలా ఆగిపోయి కనబడుతుంది, మీరు అందులో తిరుగుతూ చూడొచ్చు.

పేర్లు ఎవరూ చెప్పరు. యాస విని, వేసుకున్న బట్టలు చూసి, ఎవరు ఏ నెంబరు ఉయ్యాల పక్కలో పడుకుంటారో చూసి, వంటవాడి పక్కన తిరిగేది ఎవరు, ఆఫీసరు వెనకాల నించునేది ఎవరు అని మీరే తేల్చాలి. ముగ్గురివి కరెక్టుగా రాస్తేనే అచ్చు పడుతుంది, కాబట్టి గుడ్డిగా కొట్టడం కుదరదు. మన దేశం నుంచెళ్లిన నావికులు కూడా ఉన్నారందులో, వాళ్లని విడదీయడానికి నాకు చెమటలు పట్టాయి, ఓడ మీద ఎవరి డ్యూటీ ఏంటో తెలిసిన మీకు సుళువే. అంతా నలుపు తెలుపు చుక్కల్లో ఉంటుంది, పాత కంప్యూటర్ తెరలా, మొదటి పావుగంట కళ్లకి ఇబ్బందే, ఓర్చుకోండి. పెద్ద తెర మీద ఆడండి. పక్కన ఒక నోటుబుక్కు.

కొండపొలం సినిమా చూసేసా. నవల మళ్లీ చదవాలా? (డిగ్రీ విద్యార్థి, ప్రొద్దుటూరు)

చదవాలి తమ్ముడూ, రాసింది మీ జిల్లా ఆయనే, సన్నపురెడ్డి వెంకటరామిరెడ్డి గారు, 2019లో తానా నవలల పోటీలో బహుమతొచ్చింది. 2021 సినిమాలో ప్రేమకథకి బాగా చోటిచ్చారు, పాటలున్నాయి, అడవి అందంగా ఉంది. నవల్లో అడవి అందంగా ఉండదు, ఆకలేస్తది, దప్పికేస్తది, కాళ్లు పుండ్లు పడతాయి. వానల్లేక గొర్రెలకి మేత లేక కాపరులు మందల్ని తోలుకుని నల్లమల ఎక్కుతారు, చదువుకుని ఉద్యోగం రాని కుర్రాడు తండ్రి వెంట పోతాడు. వాడికి కంప్యూటర్ తెలుసు, ఏ ఆకు గొర్రె తింటదో తెలీదు. ఆ కాపరుల మాట, మొరటు సరసం, రాత్రి కాపలా, ఎక్కడ నీళ్లుంటాయో వాళ్లకెలా తెలుస్తదో, ఇవి సినిమాలో పట్టవు, పట్టే సైజు కాదవి. మీ సీమ యాసే కాబట్టి మీకు అర్థం కాకపోవడం ఉండదు, నాకే మధ్యమధ్య కొన్ని మాటల దగ్గర ఆగాల్సొచ్చింది.

అది అయ్యాక కేశవరెడ్డి గారి అతడు అడవిని జయించాడు పట్టుకో. చిన్న పుస్తకం. ఈనడానికొచ్చిన పంది అడవిలోకి పోయింది, ముసలాయన దాన్ని వెతుక్కుంటూ పోయాడు, ఆ రాత్రంతా ఏం జరిగిందన్నదే కథ, ముసలాయనకి పేరు కూడా ఉండదు. చివర నేను చెప్పను. పడుకునే ముందు మాత్రం మొదలుపెట్టకు.

కొత్తగా పెళ్లయింది. ఇద్దరం కలిసి ఆడే గేమ్? (హైదరాబాద్)

ఇట్ టేక్స్ టూ. 2021. విడాకులనుకున్న మొగుడూపెళ్లాలు బొమ్మలుగా మారిపోతారు, ఇద్దరు ఆడితే తప్ప ముందుకి జరగదు. ఒకరు కొంటే చాలు, రెండోవాళ్లకి ఫ్రీ పాస్ ఉంది. మధ్యలో ఒక ఏనుగు బొమ్మ వస్తుంది, అక్కడ మీ ఆవిడ మీతో మాట్లాడ్డం మానేస్తే నన్నడక్కండి.

మీరు చెప్పే తెలుగు పుస్తకాలు ఎక్కడా దొరకవు! (చాలామంది)

డిసెంబర్లో హైదరాబాద్ బుక్ ఫెయిర్, జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవం. లిస్టు రాసుకుని వెళ్లండి, ఉదయం పూట వెళ్లండి, సాయంత్రం బజ్జీల దగ్గరే జనం ఆగిపోయి దారుండదు. పాత పుస్తకాలకి కోఠి ఫుట్‌పాత్.

35 చిన్న కథ కాదు సినిమా మీరు తెగ మెచ్చుకున్నారు. నేను లెక్కల టీచర్ని. మమ్మల్ని విలన్లని చేసారు అందులో. పిల్లల్ని మార్కుల పేరుతో పిలిచే టీచరు ఎక్కడున్నాడు? (ఒక ఉపాధ్యాయుడు, చిత్తూరు జిల్లా)

మాస్టారూ, పేరు పెట్టి పిలవకపోయినా ర్యాంకుల వారీగా కూచోబెట్టడం లేదా సార్? సెక్షన్లు విడగొట్టడం లేదా? అది అదే కదా. సరే, మీ కోపంలో న్యాయముంది, ప్రియదర్శి వేసిన ఆ చాణక్య మాస్టారు మొదటి సగంలో మరీ రాయిలా ఉంటాడు, అలా ఎందుకయ్యాడో కాస్త చూపిస్తే బాగుండేది. (మల్లేశం, బలగం, ఇది, మొన్న 2025లో కోర్ట్, ఈ పేజీ చివరికి ప్రియదర్శి అభిమాన సంఘం అయ్యేలా ఉంది, మేమేం చేస్తాం, ఆయన అలాంటివే చేస్తున్నాడు.)

నాకు నచ్చింది మాత్రం తల్లి. నివేదా థామస్ వేసింది, తిరుపతి యాసలో. పదో తరగతి పాసవ్వని మనిషి, కొడుక్కి చెప్పడానికి మళ్లీ లెక్కలు నేర్చుకుంటుంది, వంట చేస్తూ, పూజకి పూలు చూసుకుంటూ. పిల్లాడి ప్రశ్న మీకు గుర్తుండే ఉంటుంది: సున్నాకి విలువ లేదన్నారు కదా, మరి ఒకటి పక్కన పెడితే తొమ్మిది కన్నా పెద్దదెలా అయ్యింది? ఆ ప్రశ్నకి క్లాసులో ఎవరూ జవాబు చెప్పరు, తిక్క ప్రశ్న అంటారు, వాడు అక్కడే ఆగిపోతాడు. నిజానికి మంచి ప్రశ్న అది, ఒకట్ల స్థానంలో తొమ్మిది దాటితే ఇంక అంకె లేదు కాబట్టి ఒకటి పదుల స్థానంలోకి జరుగుతుంది, ఖాళీ అయిన చోట సున్నా కూచుంటుంది, ఇది నాకు తెలిసినంత, నేను చెప్తే మా ఇంట్లో పిల్లకి సగమే ఎక్కింది. మీరు రోజూ చెప్పేవాళ్లు కదా, ఆరో తరగతి పిల్లాడు ఈ ప్రశ్న అడిగితే బోర్డు మీద ఎలా చూపిస్తారో ఒక పేజీలో రాసి పంపండి మాస్టారూ, వచ్చే నెల ఇదే చోట వేస్తాం.